హాలోవీన్ పండుగయు, మన ఇంటి పెద్దల పండుగయు

గత కొన్ని సంవత్సరములుగా అక్టోబరు నెల చివర మన ఊళ్లలో ఒక క్రొత్త వేడుక కనబడుచున్నది. అంగళ్లలో ప్లాస్టిక్ పుర్రెలు, నల్లని టోపీలు, కోరలు గల ముఖకవచములు వ్రేలాడుచున్నవి. బెంగళూరులోని పెద్ద పెద్ద అపార్టుమెంట్లలో పిల్లలు దయ్యముల వేషములు ధరించి, తలుపు తలుపునకు పోయి, మిఠాయిలు అడిగి తెచ్చుకొనుచున్నారు. కొన్ని పాఠశాలలు ఆ నెల 31వ తేదీన పిల్లలను వేషములతో పంపుడని డైరీలో వ్రాయుచున్నవి. ఈ పండుగ పేరు హాలోవీన్.

మన పాఠశాలలోని పిల్లల తలిదండ్రులును దీనిని గూర్చి నన్ను అడుగుచున్నారు. "పక్క బడిలో చేస్తారు సార్, మన పిల్లలు అడుగుతా ఉండారు, మనమూ చేయకూడదా?" అని కొందరు. "బిడ్డలకు దయ్యాల వేషమేంది సార్, అది మనది కాదు గదా!" అని మరికొందరు. ఇరువురును పిల్లల మేలు కోరియే అడుగుచున్నారు. అయితే ఆ పండుగ ఏమిటో, ఎచ్చట పుట్టినదో, దానివంటిది మనకు కలదో లేదో తెలిసికొనకుండ ఔననుటయు కాదనుటయు రెండును తొందరపాటే యగును. ఈ వ్యాసమునందు ముందు ఆ విషయమును విచారింతము.

హాలోవీన్ అను మాటలో రెండు ముక్కలు కలవు. హాలో అనగా ప్రాచీన ఆంగ్లమున పుణ్యపురుషుడు. ఈన్ అనగా ఈవెన్ అను మాటకు సంక్షేపము, సాయంకాలమని అర్థము. నవంబరు 1వ తేదీ క్రైస్తవులకు సకల పుణ్యపురుషుల దినము. దాని ముందటి సాయంకాలమే హాలోవీన్. ఆ మరునాడు, అనగా నవంబరు 2వ తేదీ, మృతులైన సకల ఆత్మల దినము. క్రీస్తు శకము 8వ శతాబ్దమున మూడవ గ్రెగొరీ పోపు రోమునగరములో పుణ్యపురుషుల పేర ఒక ప్రార్థనాలయమును ప్రతిష్ఠించెను. 9వ శతాబ్దమున నాలుగవ గ్రెగొరీ పోపు నవంబరు 1వ తేదీని అంతటను జరుపవలసిన దినముగా స్థిరపరచెను. కావున పేరు క్రైస్తవము. కాని ఐర్లండు, స్కాట్లండు దేశములలో అంతకు పూర్వమే ఆ దినములలో సౌవిన్ అను పండుగ యుండెను. పంట కోతలు ముగిసి, పశువులను మేతబయళ్లనుండి ఇంటికి తోలుకొని వచ్చి, చలికాలమునకు సిద్ధపడు వేళ అది. వెలుగు తగ్గి చీకటి పెరుగు ఆ సంధికాలమున ఈ లోకమునకును ఆ లోకమునకును నడుమ నున్న తెర పలుచనగునని అచ్చటివారు నమ్మిరి.

ఇంగ్లండులో మరియొక ఆచారము కలదు. మృతుల దినమున బీదవారు ఇల్లిల్లు తిరిగి, ఆ ఇంటి మృతుల కొరకు ప్రార్థన చేయుదుమని చెప్పి, చిన్న రొట్టెలను పుచ్చుకొనెడివారు. వానిని ఆత్మల రొట్టెలు అనిరి. పెట్టినవారికి తమ పెద్దలకు మేలు కలుగునను తృప్తి. పుచ్చుకొన్నవారికి ఒక పూట తిండి. స్కాట్లండులో పిల్లలు వేషములు వేసికొని పోయి, పాటయో పద్యమో వినిపించి, పండ్లో పైసలో తెచ్చుకొనెడివారు. ఊరక చేయి చాపుట లేదు. ఏదో ఒక విద్య చూపవలెను. ఈ భాగము ఉపాధ్యాయుడనైన నాకు మిక్కిలి నచ్చినది. రాబర్ట్ బర్న్స్ అను స్కాట్లండు కవి 1785లో హాలోవీన్ అను పేరనే ఒక కావ్యము వ్రాసెను. పల్లెటూరి యువతీయువకులు ఆ రాత్రి తమకు రాబోవు భర్త యెవరో భార్య యెవరో తెలిసికొనుటకు చేయు తమాషాలన్నియు అందు గలవు. అది రాచనగరపు ఆంగ్లమున గాక తన పల్లె మాటలోనే ఆయన వ్రాసెను.

ఇక గుమ్మడికాయ సంగతి. హాలోవీన్ అనగానే కన్నులు, ముక్కు, పండ్లు చెక్కి లోపల దీపము పెట్టిన పసుపుపచ్చని గుమ్మడికాయ జ్ఞాపకము వచ్చును. ఐర్లండులో మొదట చెక్కినది గుమ్మడికాయ కాదు, టర్నిప్ దుంప. దానికొక కథ గలదు. జాక్ అను పిసినారి సైతానునే మోసగించెనట. చచ్చిన పిమ్మట స్వర్గమువారు రానీయలేదు. నరకమువారు కూడ పాత పగ తలచుకొని తలుపు తీయలేదు. నరకపు నిప్పుకణిక నొకదానిని దుంపలో పెట్టుకొని వాడు నేటికిని చీకటిలో తిరుగుచున్నాడట. అక్కడను లేక ఇక్కడను లేక వ్రేలాడిన మన త్రిశంకువు వాని ప్రక్కన నిలిచిన, ఇరువురును కష్టసుఖములు చెప్పుకొందురు.

1845 మొదలు 1852 వరకు ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులువలన నాశమై ఘోరమైన క్షామము కలిగెను. సుమారు పది లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ కానివారు ఓడలెక్కి దేశము విడిచిపోయిరి. అందు మిక్కుటముగా అమెరికాకే పోయిరి. వారితో ఈ పండుగయు పోయెను. అచ్చట టర్నిప్పు కంటె పెద్దది, మెత్తనిది, చెక్కుటకు సులువైనది గుమ్మడికాయ దొరకెను. అది అమెరికా దేశపు సొంత కాయ. మన పెరళ్లలో పాకు తియ్య గుమ్మడి కూడ ఆ కుటుంబమునకు చెందినదే; ఐరోపా నావికులు అమెరికాను చేరిన పిదపనే మన దేశమునకు వచ్చినది. మనకు బహు పురాతనమైనది బూడిదగుమ్మడి.

ఆ బూడిదగుమ్మడిని మనమేమి చేయుచున్నాము? క్రొత్త ఇంటి వాకిట ఉట్టివలె కట్టి వ్రేలాడదీయుచున్నాము. కొందరు దానిపై మీసములు, గ్రుడ్లురుము కన్నులు, బయటికి వచ్చిన నాలుక గల ముఖమును చిత్రించెదరు. ఇల్లు కట్టుచున్న చోట దిష్టిబొమ్మను నిలబెట్టెదరు. ఆయుధపూజ నాడు కాయను కోసి, కుంకుమ నింపి, వాహనమునకు దిగదుడిచి వీధిలో పగులగొట్టెదరు. (ఆ ముక్కలపై చక్రము జారి ద్విచక్రవాహనములవారు పడుట ప్రతి సంవత్సరము వినుచున్నాము. పగులగొట్టిన వారే ప్రక్కకు తీసివేసినచో దిష్టి పోవును, ప్రమాదమును పోవును.) భయంకరమైన ముఖమును గడపకడ పెట్టి కీడును దూరముగా నుంచవలెనను తలంపు ఐర్లండువారికిని మనకును ఒక్కటియే. కావున "దయ్యపు గుమ్మడికాయ మనది కాదు" అనువారు తమ ఇంటి వాకిట నొకసారి తల యెత్తి చూడవలెను.

ఇల్లిల్లు తిరిగి అడుగుటయు మనకు క్రొత్త కాదు. పూర్వము తెలుగు వీధిబడులలో దసరా దినములు వచ్చినచో అయ్యవారు పిల్లలకు క్రొత్తబట్టలు కట్టించి, చేతులకు రంగుకాగితములు చుట్టిన విల్లంబులనిచ్చి, వరుసగా ఊరేగించెడివారు. ప్రతి ఇంటి ముందును నిలిచి పిల్లలు తాము నేర్చిన పద్యములు చదివి, ఆ ఇంటివారిని దీవించెడివారు. ఇంటివారు అయ్యవారికి రూకలును పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. సంవత్సరమంతయు పిల్లవాడేమి నేర్చెనో ఊరంతయు వినునట్టి పరీక్ష అది. నేటి మార్కుల పట్టీకన్న అదియే నమ్మదగినదని నా యభిప్రాయము. ప్రభుత్వపు జీతములు వచ్చిన పిదప ఆ ఆచారము సన్నగిల్లినది. అయ్యవారు భిక్షాటనము చేయనక్కరలేకపోవుట మంచిదే గాని, పిల్లల పద్యములు కూడ దానితో పోయినవి.

మైసూరు సీమలో బొమ్మల కొలువు నాళ్లలో పిల్లలు గుంపులుగా పోయి, గుమ్మములో నిలిచి, "గొంబె కూరిసిద్దీరా?" అని అడుగుదురు. బొమ్మలను నిలిపినారా అని అర్థము. నిలిపినవారు లోనికి పిలిచి, బొమ్మలను చూపి, గుగ్గిళ్లో చక్కిలములో చేతిలో పెట్టుదురు. దానిని గొంబె బాగిన అందురు. మన చిక్కబళ్లాపురపు పాతవీధులలో పెరిగిన తల్లులనేకులు ఈ పనిని చిన్ననాట చేసినవారే. ఇక కాముని పండుగకు మగపిల్లలు కట్టెలు, పిడకలు అడిగి తెచ్చుటయు, ఇవ్వనివారి పెరటిలోనివి రాత్రివేళ మాయము చేయుటయు అందరెరిగినదే. "మిఠాయి పెట్టుడు, లేదా అల్లరి చేసెదము" అని అమెరికా పిల్లలు ఆంగ్లమున చెప్పునది ఇదియే గదా! మనవారు మాట చెప్పకయే అల్లరి చేసిరి, అంతియే భేదము.

అమెరికాలో ఆ మాట 1920 తరువాతి దశాబ్దములలో వ్యాపించినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942 మొదలు 1947 వరకు, అచ్చట చక్కెరకు రేషను ఉండుటచేత పిల్లల మిఠాయిలు తగ్గెను. యుద్ధము ముగిసిన పిమ్మట పండుగ తిరిగి పుంజుకొనెను. 1950లో ఫిలడెల్ఫియా ప్రాంతపు పిల్లలు కొందరు మిఠాయిలకు బదులు పాలడబ్బాలలో నాణెములు సేకరించి, ఐక్యరాజ్యసమితి బాలల నిధికి 17 డాలర్లు పంపిరి. ఆ చిన్న పని తరువాత దేశమంతటను పాకి, లక్షల పిల్లల యలవాటైనది. పండుగలో ఏదియైన పిల్లల చేతికి అప్పగించిన పనియే నిలుచునని దీనివలన తెలియుచున్నది.

తలుపు తట్టు దయ్యము మాట వచ్చినది గనుక మన సీమ దయ్యమును విడుచుటకు వీలులేదు. 1990వ సంవత్సరము తరువాతి దశాబ్దమున బెంగళూరు చుట్టుపట్ల ఒక వదంతి పుట్టెను. రాత్రివేళ ఒక స్త్రీ, తెలిసినవారి గొంతుతో పిలిచి తలుపు తట్టుననియు, తీసినవారికి చావు తప్పదనియు చెప్పుకొనిరి. దానికి విరుగుడుగా తలుపులమీద "నాళె బా" అని కన్నడమున వ్రాసిరి. తెలుగు దేశమున గోడలమీద "ఓ స్త్రీ రేపు రా" అని వ్రాసిరి. ఆమె వచ్చి చదువుకొని, రేపు వత్తమని మరలిపోవునట. మరునాడును అదే వ్రాత. బాగేపల్లి వైపు పల్లెలలో నేను రెండు వ్రాతలను చూచితిని. ఒక ఇంట కన్నడము, ప్రక్క ఇంట తెలుగు. మన సరిహద్దు దయ్యమునకు రెండు లిపులును చక్కగా వచ్చియుండవలెను! ఈ కథ 2018లో హిందీ చలనచిత్రమునకు కూడ ఆధారమైనది. ఇప్పుడు నవ్వుకొనుచున్నాము గాని, ఆ నాళ్లలో చిన్నపిల్లలు చీకటి పడిన పిదప పెరటిలోనికి పోవుటకు వణకిరి. భయము ఆటగా నున్నంత వరకు పిల్లలకు ఆనందము. అది నిజమని పెద్దలు కూడ నమ్మిరని తెలిసినచో వారికి నిద్ర రాదు. ముఖకవచమును తీసి, లోపల ఉన్నది అన్నయే యని చూపగలుగుట హాలోవీన్ వేషములోని మేలు.

రాక్షసుల కథలకును మనకు కొదువ లేదు. చింతామణి తాలూకా కైవారమే భారతములోని ఏకచక్రపురమనియు, బండెడన్నము తిను బకాసురుని భీముడు చంపినది అచ్చటి కొండకడనే యనియు మన పెద్దలు చెప్పుదురు. ఆ కథను బిడ్డకు చెప్పునపుడు బకాసురుని కోరలకంటె, వంతు వచ్చిన ఆ ఇంటిలో తల్లి, తండ్రి, కూతురు, చిన్న కుమారుడు "నేను పోయెదనన్న నేను పోయెద"నని వాదులాడిన భాగమును చెప్పుడు. కుటుంబమనగా నేమో అందు కలదు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. హాలోవీన్‌కు మూలము చచ్చినవారిని తలచుకొనుట. మనకు ఆ పండుగ భాద్రపద బహుళమునందు వచ్చును. మహాలయ పక్షమని శాస్త్రమువారి పేరు. మాలపక్షమని మన ఇండ్ల పేరు. ఆ పక్షము చివరి అమావాస్య పెద్దల యమావాస్య. మంత్రపూర్వకముగా తర్పణము విడుచువారు తండ్రి, తాత, ముత్తాత, ఈ మూడు తరముల పేర్లను గోత్రముతో చెప్పవలెను. తల్లి వైపు వారిని కూడ తలపవలెను. మంత్రము లేని ఇండ్లలో ఆచారము వేరు. గోడకు ఆనించి పటములను పెట్టి, క్రొత్త పంచయు క్రొత్త చీరయు ముందుంచి, అరటియాకులో వడ్డించెదరు. కన్నడమున దానిని ఎడె అందురు. ఆకులో నేమి వడ్డింపవలెనను దానికి శాస్త్రము లేదు. పోయినవారికి ఏది ఇష్టమో అదియే శాస్త్రము. ఒకరికి రాగిముద్దయు ఉలవచారును, ఒకరికి ఒబ్బట్టు, ఒకరికి మాంసపు కూర. ఆ దినమున మన ఊళ్ల మాంసపు అంగళ్లముందు తెల్లవారుజామునుండి వరుసలు నిలుచుట చూచుచునే యున్నాము. పొగ త్రాగిన తాతకు బీడీకట్టయు, ఆకువక్క నమలిన అవ్వకు తమలపాకులును మరువక పెట్టెదరు. డాక్టరు మానుమన్నవన్నియు ఆ దినమున దొరకును! దీపము పెట్టి, ధూపము వేసి, తలుపు దగ్గరగా మూసి, ఇంటివారందరు కొంతసేపు వెలుపల కూర్చుందురు. లోపల పెద్దలు వచ్చి తినుచున్నారని భావము. పిమ్మట కాకికి పెట్టి, అందరు భుజింతురు.

తలుపు మూసి వెలుపల కూర్చున్న ఆ కొద్ది సమయము పిల్లలకు పాఠశాల వంటిది. కడుపులో ఆకలి, లోపలినుండి వంటకముల వాసన, ఎవరును లేచి పోరాదు. అప్పుడు అడుగుదురు. "అవ్వా, ఆ కొత్త పంచె ఎవురికి?" "మీ తాతకు నాయన ఉండె గదరా, ఆయనకు." "ఆయన యాడుండె?" అట్లు మొదలగును. కదిరి వైపునుండి ఎద్దులబండి కట్టుకొని వచ్చుట, తొలుత కౌలుకు చేసిన చేను, త్రవ్వినను నీరు పడని బావి, చిన్నతనముననే పోయిన ఒక బిడ్డ, ఇవన్నియు ఆ మూసిన తలుపు ముందు బయటికి వచ్చును. మరియే దినమున అడిగినను అవ్వ "పని ఉండాది, పో" అనును.

ఇట్టిది మనకు మాత్రమే కలదనుకొనరాదు. మెక్సికో దేశమున నవంబరు 1, 2 తేదీలలో మృతుల దినములు జరుపుదురు. ఇంటిలో మెట్లుగా బల్లలు పేర్చి, పోయినవారి పటములుంచి, వారికి ఇష్టమైన వంటకములు, పానీయములు పెట్టి, బంతిపూల రేకులతో వీధినుండి బల్లవరకు దారి పరచుదురు. ఆ వాసనను, ఆ రంగును పట్టుకొని పెద్దలు దారి తప్పక ఇంటికి వత్తురని నమ్మిక. 2008లో యునెస్కో సంస్థ ఈ ఆచారమును మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చెను. ఆ బంతిపువ్వు మెక్సికో ప్రాంతమునందే పుట్టి, మన దేశమునకు వచ్చి, నేడు మన జిల్లా పొలములలో ఎకరములకొలది పూచుచున్నది. చిక్కబళ్లాపురపు పూల మార్కెట్టులో మీరు మాలపక్షమునకు కొను బంతి, ఆ దేశమువారి పెద్దలకు దారిచూపు బంతి, ఒక్కటియే.

మన పాఠశాలలో చదువు ముస్లిము బిడ్డల ఇండ్లలో షబేబరాత్ రాత్రి పెద్దల సమాధులకు పోయి దీపములు పెట్టి, ప్రార్థన చేసి, హల్వా పంచుదురు. క్రైస్తవ కుటుంబములవారు నవంబరు 2వ తేదీన సమాధులను శుభ్రపరచి క్రొవ్వొత్తులు వెలిగింతురు. కావున నేను చెప్పబోవు పని ఒక మతమువారికి మాత్రము చెప్పునది కాదు.

ఐర్లండునుండి పోయిన వారి విషయమున మనము గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఓడలెక్కిన వారిలో లక్షలమందికి ఇంటి భాష ఐరిష్. అమెరికాలో వారి మనుమలకు ఆ భాష రాదాయెను. పండుగ మాత్రము నిలిచినది. నిలుచుటయే గాక లోకమంతయు వ్యాపించినది. కాని ఎవరిని తలచుకొనుటకు ఆ రాత్రి దీపము పెట్టిరో వారి పేర్లు పోయినవి, కథలు పోయినవి. ఇప్పుడు పిల్లవాడు వేసికొను దయ్యపు వేషము ఎవరి దయ్యమో వానికి తెలియదు, అంగడిలో కొన్నది. ఆ పండుగను నేను నిందించుటలేదు. భాష పోయినచో పండుగ పోవునని భయపడుదుము గాని, పండుగ నిలిచియు అందలి మనుషులు పోవచ్చునని ఇది చూపుచున్నది.

మన యిండ్లలో ఇది ఎంత దూరమున నున్నది? గత సంవత్సరము అయిదవ తరగతి పిల్లలను తండ్రి, తాత, ముత్తాత పేర్లను పలకమీద వ్రాయుమంటిని. తండ్రి పేరు అందరు వ్రాసిరి. తాత పేరు వద్ద కొందరు "తాత" అనియే వ్రాసి ఊరకుండిరి. ముత్తాత పేరు వ్రాసినవారు ఒక చేతి వ్రేళ్లకు మించలేదు. తల్లి వైపు పెద్దలను గూర్చి అడిగినపుడు తరగతి నిశ్శబ్దమాయెను. ఈ పిల్లలు మందమతులు కారు. క్రికెట్టు ఆటగాండ్ర పేర్లు ఇరువది చెప్పగలరు. ఎవరును చెప్పకపోవుటచే తెలియలేదు. మన సీమలో బిడ్డకు ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, ముందు చదువులకు ఆంగ్లము. మూడును కావలసినవే. కన్నడము రానివానికి ఈ రాష్ట్రమున బ్రతుకు లేదు. నేను ప్రతి సభలోను చెప్పుచునే యున్నాను. అయితే అవ్వకు తెలిసినది తెలుగు ఒక్కటే. కైవారపు తాతయ్యగారు తెలుగునను కన్నడమునను కీర్తనలు చెప్పిన సీమ ఇది. అట్టి సీమలో అవ్వ చెప్పునది మనుమనికి అర్థము గాక, మనుమడు చెప్పునది అవ్వకు అర్థము గాక, నడుమ తల్లి దుబాసీ పని చేయుట నేను రెండు మూడు ఇండ్లలో చూచితిని. ఆ ఇండ్లు బీదవి కావు, చదువు లేనివి కావు.

అమెరికాలో నున్న మన తెలుగువారికి ఈ చిక్కు మనకంటె ముందు వచ్చినది. అక్కడి శరదృతువులో బొమ్మల కొలువు, హాలోవీన్, దీపావళి ఒకదాని వెనుక నొకటి వచ్చును. వారి పిల్లలు ఇరుగుపొరుగు పిల్లలతో కలిసి వేషములు వేసికొని పోకుండ ఉండలేరు, పోవలసినదే. 2024లో నరకచతుర్దశియు హాలోవీనును అక్టోబరు 31వ తేదీననే పడినవి. తెల్లవారి తలంటి పోసికొని నరకాసురుని కథ విని, సాయంకాలము దయ్యమై వీధిలో తిరుగుటకు పిల్లలకు ఏ యిబ్బందియు లేదు. చిక్కు పిల్లలది కాదు. రెండింటిలో ఏది అంగడిలో కొనుటకు వచ్చునో అది సులభముగా జరుగును. ఏది ఇంటిలో కూర్చుండి చెప్పవలెనో అది వాయిదా పడును.

కావున మీ ప్రశ్నకు నా సమాధానము ఇది. హాలోవీన్ మన బడిలో జరుపుట లేదు. అది పాపమని కాదు. మరునాడు నవంబరు 1 కన్నడ రాజ్యోత్సవము. 1956లో ఈ రాష్ట్రము ఏర్పడిన దినము. పిల్లలు పాటకును నాటకమునకును అభ్యాసము చేయు సాయంకాలమున మరియొక వేషమునకు తీరిక లేదు. ఇంటిలోనో వీధిలోనో పిల్లలు సరదాపడినచో మీరు కోపింపవలదు. అయితే మూడువందలు పెట్టి ముఖకవచము కొనకుడు. పాత దుప్పటియు బొగ్గుపొడియు చాలును. గుమ్మడికాయ చెక్కినచో తీసిన గుజ్జుతో పులుసు పెట్టుడు. కాయలో క్రొవ్వొత్తి పెట్టునపుడు నైలాను బట్టల పిల్లలను దగ్గరకు రానీయకుడు. అయిదేండ్లలోపు బిడ్డలను భయపెట్టి నవ్వుట వినోదము కాదు. ఇతరుల తలుపు తట్టినచో స్కాట్లండు పిల్లలవలె, మన దసరా పిల్లలవలె, ఒక పద్యము చెప్పి మరి అడుగుమనుడు.

బడి తరఫున మాలపక్షములో పిల్లలకు ఒక ఇంటిపని ఇచ్చుచున్నాము. దానికి మీ సాయము లేనిదే జరుగదు.

ఇంటిపని

ప్రతి పిల్లవాడును ఒక నలువది పుటల నోటు పుస్తకము ప్రత్యేకముగా పెట్టవలెను. మొదటి పుటలో తండ్రి వైపు మూడు తరములు, రెండవ పుటలో తల్లి వైపు మూడు తరములు. మగవారి పేర్లతోపాటు ఆడువారి పేర్లును తప్పక వ్రాయవలెను. అవ్వ పేరు "అవ్వ" అని వ్రాసిన ఒప్పుకొనము. పేరు తెలియనిచోట ఖాళీగా విడువుడు, ఊహించి నింపవలదు. పాత భూమి పత్రములు, పెండ్లిపత్రికలు, దేవాలయపు చందా చీటీలు వెదకినచో కొన్ని దొరకును.

తరువాతి పుటలలో ఒక్కొక్క పెద్దను గూర్చి పిల్లలు అడిగి వ్రాయవలెను. ఏ ఊరినుండి వచ్చిరి? ఏ పని చేసిరి? ఏది ఇష్టముగా తినిరి? ఏ మాట ఎక్కువగా అనుచుండిరి? చివరి ప్రశ్నకు సమాధానమును అవ్వ పలికినది పలికినట్లే వ్రాయవలెను. "ఉండాది" అనిన "ఉన్నది" అని దిద్దవలదు. మా ఉపాధ్యాయులకు కూడ ఈ నోటు పుస్తకములో ఎర్రసిరా వాడవలదని చెప్పియున్నాను. అవ్వ లేని ఇండ్లవారు ప్రక్కయింటి ముసలమ్మను అడుగవచ్చును. దూరదేశమున నున్న బంధువులను ఫోనులో అడుగుట మంచిది. వారు ఇట్టి ప్రశ్న కొరకే యెదురుచూచుచున్నట్లు గంటసేపు మాటలాడుదురు.

ముస్లిము, క్రైస్తవ కుటుంబములవారు తమకు తగిన దినమునకు ముందు వారములో దీనిని చేయవచ్చును. ఏ భాషలో ఇంటివారు చెప్పుదురో ఆ భాషలోని మాటలనే తెలుగు లిపిలో వ్రాసిన చాలును.

పుస్తకములను మేము చదివి, మూడు దినములలో తిరిగి ఇచ్చివేయుదుము. బడిలో ఉంచుకొనము. ప్రతి సంవత్సరము అదే పుస్తకమును తెచ్చి, క్రొత్తగా తెలిసినది చేర్చవలెను. ఏడవ తరగతి విడిచిపోవునపుడు అది పిల్లవానితోనే పోవును. ఖాళీ పుటలు మిగిలిన, చెల్లెలికో తమ్మునికో ఇచ్చి వ్రాయింపుడు.